లిస్టులో లేని మనిషి

మాధవరం బస్ టెర్మినస్‌లో దిగి, పాల కాలనీ వైపు పోకుండా ఎడమచేతి రోడ్డు పట్టుకుంటే, పది నిమిషాల నడకలో పాత ఐస్ ఫ్యాక్టరీ ఒకటి వచ్చేది. మద్రాసుకి చెన్నై అని పేరు మార్చిన కొత్తల్లో సంగతి ఇది. ఫ్యాక్టరీ మూతబడి అప్పటికే చాలా ఏళ్ళయింది. ఐసు లేదు, ఐసు చేసేవాళ్ళు లేరు. కానీ ఐసు దిమ్మలు దాచే గది మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. మూరెడు మందం గోడలు. కిటికీ అన్న మాటే లేదు. తలుపు చూస్తే నాలుగు బీరువా తలుపులు కలిపి అతికించినట్టుంటుంది. బయటివైపు నా మణికట్టంత లావు ఇనుప గొళ్ళెం. ఆ గదిలో మా ఓనరు ఆరోగ్యసామి ఒక కంప్యూటర్ తెచ్చి పెట్టాడు.

నవ్వకండి. ఆయన ఆలోచన బాగానే ఉంది. మా ఆఫీసు కోడంబాక్కంలో. సినిమాలకి గ్రాఫిక్స్ చేసేవాళ్ళం. దేవత చేతిలోంచి మెరుపు రావాలన్నా, పాము ఆడమనిషిగా మారాలన్నా మా దగ్గరికే రావాలి. ఆ పనులు చేసే పెద్ద మెషిన్‌కి చల్లదనం కావాలి. కోడంబాక్కంలో అంత చల్లగా గది కట్టే చోటు లేదు. ఇక్కడేమో కట్టిన గదే ఖాళీగా పడుంది, ఏసీ ఒకటి తగిలిస్తే సరి. అందుకని మెషిన్ మాధవరంలో, దానితో పనిచేసే పిల్లలు కోడంబాక్కంలో. మధ్యన ఒకటే ఒక టెలిఫోన్ తీగ.

ఇక నేను. నా పేరు యతిరాజులు. చదివింది పదో క్లాసు, అదీ రెండుసార్లు. ఇల్లు మాధవరంలోనే కాబట్టి మెషిన్ కాపలా నాకిచ్చారు. ఏసీ చూసుకోవాలి, టేపులు మార్చాలి, దుమ్ము తుడవాలి, సాయంత్రం గొళ్ళెం వేయాలి. కానీ ఊరికే కూర్చునే రకం కాదు నేను. పిల్లల్ని అడిగి అడిగి నాలుగు ముక్కలు నేర్చుకున్నా. ఇప్పుడు మీకు చెప్పబోయేది ఆ నాలుగు ముక్కల కథే. తెలియకపోయుంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటూ ఉంటా.

సినిమాలో ఒక్క సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు కావాలి. ఒక్కో బొమ్మ గీయడానికి మా మెషిన్‌కి అరగంట పట్టేది. అంటే ఒక పాము మనిషిగా మారేలోపు ఇక్కడ రెండు మూడు రోజులు గడిచిపోతాయి. కోడంబాక్కంలో కూర్చుని ఫోను లైను మీద పని మొదలుపెడతారా, మధ్యలో లైను తెగితే మెషిన్ ఏమనుకుంటుందంటే, ఈ మనిషి లేచిపోయాడు, మనిషే పోయాక వాడి పని దేనికి అని ఆ పనిని కూడా చంపేస్తుంది. వానొస్తే లైను తెగేది. లారీ స్తంభానికి తగిలితే తెగేది. రెండు రోజుల పని ఒక్క క్షణంలో బూడిద. అందుకని పెద్ద పని వచ్చినప్పుడల్లా కామేశం బస్సెక్కి మాధవరం వచ్చేసి, చల్లగదిలో మెషిన్ ముందే స్వెట్టర్ వేసుకుని కూర్చునేవాడు.

కామేశం రాజమండ్రి వైపు పిల్లాడు. ఇరవై ఆరేళ్ళు. మాటకి ముందొక అండీ, వెనకొక అండీ. మా ఇంట్లో ఈడ, ఆడ, ఉండాది అని మాట్లాడుకుంటామా, అది విని తెగ నవ్వేవాడు. ఒకరోజు లావుపాటి పుస్తకం చంకన పెట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"రాజులుగారండీ, ఇక నేను కాపలా కూర్చోనక్కర్లేదండీ!"

"అట్లా ఏం దొరికింది నాయనా?"

"పని మొదలుపెట్టేటప్పుడు ముందర నోహప్ అని కొట్టాలండీ. చివర ఇదిగో, ఈ గుర్తు పెట్టాలి."

చూశాను. చుట్టలు చుట్టుకుని ఉంది. "ఏంది కామేశం, జాంగ్రీనా?"

"జాంగ్రీయే అనుకోండి. ఇది పెట్టామంటే నేను లాగౌట్ అయి వెళ్ళిపోయినా పని ఆగదండీ. లైను తెగినా దానికి వినబడదు. దాని మానాన అది నడుస్తూ ఉంటుంది."

ఆ రోజే నాకు రెండు లిస్టులు చూడటం కూడా నేర్పాడు. ఒకటి, ఇప్పుడు మెషిన్‌లో ఏయే మనుషులున్నారని చూపే లిస్టు. హూ అని కొడితే పేర్లు వస్తాయి. రెండోది, ఏయే పనులు నడుస్తున్నాయని చూపేది. అందులో పని ఎవరిదో, ఏ కుర్చీ నుంచి నడుపుతున్నారో కూడా ఉంటుంది. జాంగ్రీ పెట్టి వెళ్ళిపోయినవాడి పని పక్కన కుర్చీ గడిలో ఒక ప్రశ్నార్థకం మాత్రం కనబడుతుంది. పని ఉంది, మనిషి ఎక్కడున్నాడో మెషిన్‌కి తెలియదు.

ఈ హూ లిస్టు నాకు భలే నచ్చేసింది. ఎందుకంటే ఆరోగ్యసామికి తలుపు ఊరికే తెరవడం ఇష్టం ఉండదు, చల్లగాలి పోతుందని కేకలేస్తాడు. ముందు గదిలో నా బల్ల మీద ఇంకో చిన్న స్క్రీన్ ఉంది. చెప్పులిప్పి, మఫ్లర్ చుట్టుకుని లోపలికి పోయి చూసే పని లేకుండా, కూర్చున్నచోటి నుంచే హూ అని కొట్టేవాణ్ణి. లిస్టులో పేరుంటే లోపల మనిషి ఉన్నట్టు. లేకపోతే లేనట్టు. గొళ్ళెం వేసుకుని ఇంటికి పోవడమే.

ఆగస్టులో ఒక సోమవారం ఉదయం గది తలుపు తీస్తే కామేశం కనిపించాడు.

తలుపు పక్కన గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. స్వెట్టర్ విప్పి, మడిచి, ఒళ్ళో పెట్టుకున్నాడు. శనివారం ఏదో వేళప్పుడు ఏసీ ఆగిపోయింది. లోపల గాలి లేదు. ఫోను కూడా లేదు అప్పట్లో. ఆదివారం కోడంబాక్కం ఆఫీసులో పిట్ట కూడా ఉండదు. అతని వెనక మెషిన్ మాత్రం నడుస్తూనే ఉంది. మేము అతన్ని బయటికి మోసుకొస్తుంటే కూడా బొమ్మ తర్వాత బొమ్మ గీస్తూనే ఉంది.

తలుపు బరువుకి గొళ్ళెం దానంతట అదే పడిందని నేను చెప్పాను. పోలీసులకీ అదే చెప్పాను, ఆరోగ్యసామికీ అదే చెప్పాను. అందరూ నమ్మారు. ఆ గొళ్ళెం చూసినవాళ్ళెవరైనా నమ్ముతారు.

తర్వాత మెషిన్‌ని పదిహేను రోజులు ఆపేశారు. కరెంటు తీగలు మార్చారు. తలుపుకి లోపలివైపు కూడా ఒక పిడి పెట్టించారు, లోపల ఒక ఫోను పెట్టించారు. లైను మాత్రం అదే ఒక్కటి. కోడంబాక్కం పిల్లలు మెషిన్‌లో ఉన్నంతసేపు ఫోనులో కుయ్యిమనే గోల తప్ప ఇంకేమీ వినబడదు. నా మట్టుకు నేను లోపలికి పోయినప్పుడల్లా తలుపుకి ఇటుక అడ్డం పెట్టడం అలవాటు చేసుకున్నా.

ఇక అసలు సంగతి. మరుసటేడు మే నెల. అగ్ని నక్షత్రం, మా వైపు ఎండలు మండిపోయే రోజులు. ఆదివారం పదకొండున్నర. బయట తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. ముందు గదిలో ఫోను మోగింది. భరణి. కామేశం తర్వాత వచ్చిన అమ్మాయి, పురసవాక్కం పిల్ల. గడుసుది.

"మామా, సోమవారం పదింటికి డైరెక్టర్ వచ్చి నా సీను చూస్తాడు. ఇంకా ముప్పై బొమ్మలుండాయి. మెషిన్ చూస్తే నత్త మాదిరి పోతా ఉండాది."

"నేను దాన్ని తోసేదానికి లేదు గదా తల్లీ."

"జోకులొద్దు మామా. ఇంకొకరి పని ఏదో సగం మెషిన్ తినేస్తా ఉండాది. మీరు లోపలికి పోయి దాన్ని చంపేయండి. ఇంకొకరి పని చంపేదానికి మీ పేరుకే గదా కుదిరేది."

"ఎవరి పని?"



"మీరే చూడండి. నేను చెప్పను."

"ఏందమ్మాయ్, భయపడతా ఉండావా?"

"పట్టపగలు నాకేం భయం? మీరు పోండి మామా. నేను మళ్ళీ లైనులోకి వస్తా."

నా బల్ల మీది స్క్రీన్ నుంచి చూడటమే గానీ చంపడం కుదరదు. గొళ్ళెం ఎత్తి తలుపు తీశాను. ఇటుక అడ్డం పెట్టాను. లోపల అడుగుపెట్టగానే బయటి ఎండంతా ఎవరో చేత్తో తుడిచేసినట్టు ఒళ్ళు చల్లబడింది. ట్యూబులైటు వెలుగుతోంది. ఏసీ హుమ్మంటోంది. ఎప్పటి గదే, ఎప్పటి వాసనే. కాస్త తడి, కాస్త వేడెక్కిన తీగల వాసన. మెషిన్ ముందు కుర్చీలో కూర్చుని, నా పేరు కొట్టి, పనుల లిస్టు అడిగాను.

రెండు పనులున్నాయి.

ఒకటి భరణిది. పక్కన ప్రశ్నార్థకం.

రెండోది కామేశంది. పక్కన ప్రశ్నార్థకం.

మొదట నాకు నవ్వొచ్చింది. అతని పేరు మెషిన్‌లోంచి తీసేయడం ఎవరో మర్చిపోయారు, అంతే కదా అనుకున్నా. ఆ తర్వాత గుర్తొచ్చింది. మెషిన్‌ని పదిహేను రోజులు ఆపేశాం. కరెంటే తీసేశాం. జాంగ్రీ పెట్టిన పనైనా సరే, మెషిన్ ఆగితే చచ్చిపోవాల్సిందే. కామేశమే చెప్పాడు నాకు ఆ మాట.

పని నంబరు రెండు వందల పద్నాలుగు. చంపేయమని కొట్టాను. మళ్ళీ లిస్టు అడిగాను. పోయింది. హమ్మయ్య అనుకుని లేవబోతూ ఎందుకో ఇంకొక్కసారి అడిగాను.

కామేశం. రెండు వందల ముప్పై ఒకటి.

మళ్ళీ చంపాను. ఈసారి ఏ పనీ తప్పించుకోలేని గట్టి రకం చంపడం ఒకటుంది, అది కొట్టాను. లిస్టు అడిగాను.

కామేశం. రెండు వందల ముప్పై రెండు.

చేతివేళ్ళు చల్లబడ్డాయి. ఏసీ వల్లే అని నాకు నేనే చెప్పుకున్నా. మూడోసారి కొట్టాను. స్క్రీన్ మొత్తం చెరిగిపోయింది. పై మూల ఒకే మాట మిగిలింది. లాగిన్. నన్ను బయటికి నెట్టేసింది మెషిన్.

అప్పుడు వినబడింది ఆ చప్పుడు.

గర్... గర్...

ఇటుకని సిమెంటు నేల మీద ఎవరో నెమ్మదిగా ఈడుస్తున్నట్టు...

తిరిగి చూసేలోపు తలుపు మూసుకుంది. దభీమని కాదు. మెత్తగా. నిద్రపోయేవాళ్ళని లేపకూడదని ఎవరో జాగ్రత్తగా మూసినట్టు. ఆ తర్వాత బయటి నుంచి... టక్.

గొళ్ళెం.

పరుగెత్తి లోపలి పిడి పట్టుకున్నా. అది గిర్రున తిరిగింది. ఇంకా తిరిగింది. కుళాయి తిప్పినట్టు తిరుగుతూనే ఉంది, తలుపు కదల్లేదు. భుజంతో గుద్దాను. ఆ తలుపుకి నా భుజమెంత? గట్టిగా అరిచాను. అరుపు ఆ గోడల్లోకి ఇంకిపోయింది. నా చెవికే సరిగ్గా వినబడలేదు.

ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది.

ఏసీ ఆగింది.

ఆ ఏసీ రొద ఎంత పెద్దదో అది ఆగితే గానీ తెలియదు. ఇప్పుడు మెషిన్ ఫ్యాను చప్పుడొకటి, నా ఊపిరొకటి. స్క్రీన్ మీద పచ్చటి అక్షరాల వెలుగు తప్ప అంతా కటిక చీకటి. గోడల్లోంచి ఒక వాసన మెల్లగా పైకి లేచింది. ఐస్ ఫ్యాక్టరీల్లో ఉంటుందే అమోనియా, ముక్కు మండే వాసన, అది. అక్కడ ఐసు చేసి పదేళ్ళు దాటింది.

ఫోను ఎత్తాను. కుయ్యిమంటోంది. భరణి లైనులో ఉంది. సరే, లైనులో ఉంటే మంచిదే అనుకున్నా. మెషిన్‌లో ఉన్న మనిషికి ఇంకో మనిషి నాలుగు మాటలు రాసి పంపొచ్చు, అది వాళ్ళ స్క్రీన్ మీద పడుతుంది. అదీ నాకు తెలుసు. తడుముకుంటూ కుర్చీలో కూర్చుని నా పేరు కొట్టాను, నా రహస్య మాట కొట్టాను. లోపలికి రానిచ్చింది. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను.

"భరణీ, గొళ్ళెం పడిపోయింది. నేను లోపల ఇరుక్కున్నా. మాధవరానికి ఎవరినైనా పంపు."

స్క్రీన్ కదల్లేదు. చెమట పట్టడం మొదలైంది. మెషిన్ వేడి, పైగా గాలి లేదు. కాసేపటికి ఒక్కో అక్షరం పడింది.

"ఎవరది?"

"నేనే, మామని. యతిరాజులు."

"మామ లిస్టులో లేడు. లాగౌట్ అయి ఇంటికి పోయుంటాడు. మీరెవరు?"



హూ అని కొట్టాను. రెండు పేర్లు వచ్చాయి. భరణి. కామేశం. నా పేరు లేదు.

ఇంకొకటి కూడా అడగొచ్చు మెషిన్‌ని. హూ యామ్ ఐ అని. ఎన్నో కుర్చీల్లో కూర్చునేవాళ్ళు ఇప్పుడు ఎవరి పేరుతో ఉన్నామో మర్చిపోతారని పెట్టిన ఏర్పాటు అది. నా పేరు నేను కొట్టాను, నా రహస్య మాట నేను కొట్టాను. అయినా అడిగాను. నేనెవర్ని?

మెషిన్ వెంటనే చెప్పింది.

కామేశం.

"చచ్చిపోయినాయన పేరుతో ఆడుకుంటారా? సిగ్గు లేదూ? నేను పోతా ఉండా," అని రాసింది భరణి. ఆమె పేరు లిస్టులోంచి పోయింది. లైను వదిలేసింది.

ఒక్కటే పేరు మిగిలింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఆగస్టులో ఆ శనివారం సాయంత్రం గొళ్ళెం దానంతట అదే పడలేదు. నేనే వేశాను. ముందు గదిలో కూర్చుని హూ అని కొట్టాను, కామేశం పేరు లేదు, వెళ్ళిపోయాడనుకున్నా. అతనేమో జాంగ్రీ పెట్టి, లాగౌట్ అయి, మెషిన్ వెనక వెచ్చటి గాలి వచ్చే చోట పేపరు పరుచుకుని కునుకు తీస్తున్నాడు. చెప్పులిప్పి లోపలికి రెండడుగులు వేసుంటే కనిపించేవాడు. నేను వేయలేదు. దానంతట అదే పడిందని ఊరందరికీ చెప్పాను. ఈ ఆదివారం మాత్రం అది నిజంగానే దానంతట అదే పడింది.

భరణి లైను వదిలిందంటే ఫోను పనిచేయాలి కదా! ఆ మాట తట్టగానే రిసీవర్ లాక్కుని చెవికి పెట్టుకున్నా. కుయ్యిమనే గోల లేదు. డయల్ టోనూ లేదు.

ఎవరో ఊపిరి తీస్తున్నారు.

నెమ్మదిగా... కష్టంగా... గాలి చాలనట్టు...

"రాజులుగారండీ..."

రిసీవర్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నా.

"ఇంకా ఎంతసేపండీ?"

"కామేశం... నాయనా..."

"గొళ్ళెం చప్పుడు విన్నానండీ. నిద్రలో. మీరే అనుకున్నా. లేచి పిలిచేలోపు వెళ్ళిపోయారు."

"లిస్టు చూశా నాయనా. నీ పేరు లేదు."

"తలుపు తీసి ఒక్క కేక వేస్తే పోయేది కదండీ."

గొంతులో కోపం లేదు. అదే భయం నాకు. టీ తాగుదామా అని అడిగే గొంతే అది.

"తప్పయిపోయింది నాయనా. నా వల్లే. నీ కాళ్ళు పట్టుకుంటా. నన్ను బయటికి పంపించెయ్."

ఊపిరి... మళ్ళీ ఊపిరి...

"నేను పట్టుకోలేదండీ మిమ్మల్ని. కానీ లిస్టులో మీరు లేరు కదండీ. లోపల లేని మనిషిని బయటికెలా పంపిస్తానండీ?"

ఫోను చచ్చిపోయింది.

తలుపు దగ్గరికి పాకాను. నిలబడితే తల తిరుగుతోంది. తలుపు కింద సందులో ముక్కు పెట్టి గాలి పీల్చాలని చూశాను. సందు లేదు. ఐసు కరక్కూడదని కట్టిన తలుపు కదా, ఈగ కూడా దూరదు. గోడకి ఆనుకుని కూర్చున్నా. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. నా కుడివైపు మాత్రం చల్లగా ఉంది. అంత ఉడుకులో భుజం నుంచి మోకాలి దాకా కుడివైపు ఒక్కటే చల్లగా, పక్కన ఐసు దిమ్మ పెట్టినట్టు. అటు తిరిగి చూడలేదు. చచ్చినా చూడనని కళ్ళు గట్టిగా మూసుకున్నా.

కుర్చీ కిర్రుమంది.

మెషిన్ ముందర కుర్చీ. టక టక టక అని ఎవరో కొడుతున్నారు. తొందర లేకుండా, తీరిగ్గా. పక్కన చల్లగా కూర్చున్నది ఒకరు... అక్కడ కొడుతున్నది ఇంకొకరా? లేక...

ఊపిరి అందడం లేదు. అమ్మణి గుర్తొచ్చింది, నా భార్య. మధ్యాహ్నం అన్నానికి వస్తానని చెప్పి బయలుదేరా. ఎంతసేపయిందో తెలియదు. అరగంటా? రెండు రోజులా? తలుపు మీద అరచేత్తో కొట్టాను. ఇంకోసారి కొట్టాను. మూడోసారి చెయ్యి లేవలేదు...

"ఏమయ్యా! లోపల ఉండావా?"

గొళ్ళెం లేచిన చప్పుడు. వెలుగు కత్తిలా కళ్ళలో దిగింది. తలుపుతో పాటే నేను బయటికి పడ్డాను.

అమ్మణికి లిస్టు తెలియదు, హూ తెలియదు. నేను అన్నానికి రాలేదని క్యారియర్ పట్టుకుని ఎండలో నడిచొచ్చింది. ముందు గదిలో నేను లేను, కాబట్టి లోపల ఉండుంటానని తలుపు తీసి కేక వేసింది. అంతే. చంకల కింద చేతులేసి నన్ను వరండా దాకా ఈడ్చింది. కుండలో నీళ్ళు తెచ్చి తల మీద పోసింది.

"ఏందయ్యా ఇది! ముసలి వయసులో ఐసు గదిలో దాక్కోనుండావా?"

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి నాకు. గాలి! తారు వాసన, దుమ్ము వాసన, ఎండ వాసన. ఎంత బాగుందో! బతికానని తెలియగానే ఆకలి కూడా తెలిసింది. నవ్వుతూనే అడిగాను.

"అన్నం ఏదే?"

"క్యారియర్ లోపల ఇచ్చేసినా గదా."

"లోపల ఎవరికి?"

"ఆడ కుర్చీలో కూర్చోనుండాడే, ఆయనకి. నిన్ను ఈడకి తెచ్చి పడుకోబెట్టి, తలుపు కాడ పెట్టిన క్యారియర్ కోసరం మళ్ళీ పోతే, 'అన్నం తెచ్చారాండీ' అని అడిగినాడు. ఎంత మర్యాదగా అడిగినాడో! పాపం, ఎన్ని దినాల ఆకలో అనిపించింది. నీకు ఇంట్లో పెడతాలే అని ఇచ్చేసినా."



"మొహం చూసినావా?"

"ఆ చీకట్లో ఏం చూస్తా? వెనక్కి తిరిగుండాడు. చెయ్యి మాత్రం ఇట్లా చాపినాడు."

"తలుపు?"

"వేసేసినా. ఆయనే వేసెయ్యమన్నాడు, చల్లగాలి పోతుందంట. గొళ్ళెం కూడా పెట్టమన్నాడు."

వరండా నుంచి ఆ తలుపు కనబడుతోంది. గొళ్ళెం పడి ఉంది. లోపల ఎవరున్నారో నాకు తెలుసు. ఒక్కసారి పోయి ఆ గొళ్ళెం ఎత్తడం నా ధర్మమనీ తెలుసు. ఒక మనిషిని రెండోసారి లోపల పెట్టి పోతున్నావురా అని మనసు అంటూనే ఉంది. అమ్మణి చెయ్యి పట్టుకుని లేచాను. వెనక్కి చూడకుండా ఇంటికి పోయాను.

సోమవారం పొద్దున ఆరోగ్యసామినీ, భరణినీ, ఇంకో ఇద్దరినీ వెంటబెట్టుకుని గానీ ఆ వాకిట్లోకి పోలేదు. భరణి బొమ్మలు ముప్పైకి ముప్పై అయిపోయాయి, రాత్రే. కోడంబాక్కం నుంచి చూసుకుని వచ్చిందట. ముందు గదిలో స్క్రీన్ వెలుగుతూ ఉంటే కూడా నేను హూ అని కొట్టలేదు. నేరుగా పోయి గొళ్ళెం ఎత్తి, గడప మీద నిలబడి, లోపలికి గట్టిగా కేక వేశాను. జవాబు లేదు. ట్యూబులైటు వెలుగుతోంది. ఏసీ హుమ్మంటోంది. కుర్చీ ఖాళీ.

క్యారియర్ తలుపు పక్కన, గోడ దగ్గర ఉంది. మూడు గిన్నెల క్యారియర్ అది. రెండు గిన్నెలు శుభ్రంగా కడిగి బోర్లించి ఉన్నాయి. అంచుల్లోంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. ఆ గదిలో కుళాయి లేదు, బిందె లేదు, ఎక్కడా చుక్క నీళ్ళు లేవు.

మూడో గిన్నె మూత తీసి పక్కన పెట్టి ఉంది. లోపల అన్నం. ముట్టుకోలేదు, ఎవరికో వాటా తీసి ఉంచినట్టు నున్నగా సర్ది ఉంది. దాని మీంచి ఇంకా ఆవిరి లేస్తోంది.